తాగిండనుకున్నం

ఈ ఎపిసోడ్ సైట్ ఆఫీసులో కూచొని రికార్డు చేసిన. వెనుక ఏసీ మోత ఎక్కువైంది, పేర్లు, సంవత్సరాలు సరిగ్గ వినపడలేదని శానమంది మెసేజ్ పెట్టిండ్రు. అందుకే మాట్లాడిందంతా కాకుండా, చరిత్ర భాగాన్ని సాఫు చేసి ఇక్కడ రాస్తున్న.

నేను డాక్టర్‌ను కాదు. ఐటీఐ చదివిన, ఇరవై ఏండ్ల సంది షట్టరింగు, కాంక్రీటు పని చూసుకుంటున్న. ఈ సంగతి ఎందుకు తవ్విన్నో ముందు చెప్త.

రెండేండ్ల కింద, ఆగస్టు నెల, దుబాయ్. మీకు తెలుసు, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండల పని బంద్. అందుకే ఐదున్నరకే హాజరు తీసుకుంటం. ఆ పొద్దు మా షట్టరింగ్ కార్పెంటర్ ఒకాయన, నిజామాబాద్ దిక్కు మనిషి, నలభై ఆరేండ్లుంటయి, తూలుకుంట వచ్చిండు. హార్నెస్ బెల్టు తలకిందులు తొడుక్కుంటున్నడు. పేరు పిలిస్తే శానసేపటికి పలికిండు. ఏ ఫ్లోర్ల పని అని అడిగితే, ఇంటికాడ నాట్లు పడ్డయా అని నన్నే అడిగిండు. మాట ముద్ద ముద్దగ వస్తుంది.

ఫోర్‌మన్ ఒక్కటే మాట అన్నడు, "పీకే ఆయా హై."

నేను దగ్గరికి పోయి వాసన చూసిన. మందు వాసన లేదు. అయినా రాత్రి తాగింది దిగలేదేమో అనుకున్న. టైమ్‌కీపర్‌ను వార్నింగ్ లెటర్ తయారు చెయ్యమన్న. ఈ దేశంల పనికాడ తాగి దొరికితే సంగతి లెటర్‌తోని ఆగదు, టికెట్ దాకా పోతది. ఆయనకు ఇద్దరు బిడ్డలు. అది తెలిసి కూడా చెయ్యమన్న. ఎందుకంటే ఎనిమిదో ఫ్లోర్ల అంచు పని, తాగినోన్ని ఎక్కించి వాడు పడితే నా గతేంది?

రూలు ప్రకారం ముందు క్లినిక్‌కు పంపాలె. అక్కడి నర్సు ఆయన నోరు ఎండి నాలుక పగిలి ఉండుడు చూసి, ఏం అడగకుండనే వేలు పొడిచింది. మీటర్ మీద నంబర్ రాలేదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చినయి, హెచ్, ఐ. పక్కనున్న హెల్పర్ పోరడు "అన్నా, మిషిన్ హాయ్ అంటుంది" అని నవ్విండు. నర్సు నవ్వలే. అది హాయ్ కాదు, హై. చాలా మీటర్లు 600 దాటితే నంబర్ చూపలేవు, ఆ రెండక్షరాలే చూపిస్తయి. ఆస్పత్రిల పెద్ద మిషిన్ మీద చూస్తే వెయ్యి దాటింది.

ఇక్కడ ఒక ముచ్చట. మన ఊర్ల షుగర్‌ను మిల్లీగ్రాముల్లో చెప్తరు, 120, 200 అని. గల్ఫ్‌ల కొన్ని ఆస్పత్రులు, కొన్ని మీటర్లు మిల్లీమోల్స్‌ల చెప్తయి. ఆ లెక్కల 600 అంటే 33. మా రూమ్‌ల ఒకాయన మీటర్ మీద 18 చూసి షుగర్ తక్కువుందని మిఠాయి తిన్నడు! ఆ 18ని 18తో గుణిస్తే 324. మీ మీటర్ ఏ లెక్క చెప్తదో ఒకసారి చూసుకోండి.

సరే, ఆ రోజు డాక్టర్ కాయితం మీద రాసిన పేరు హైపరాస్మోలార్ హైపర్‌గ్లైసీమిక్ స్టేట్. షుగర్ బాగా పెరిగి, రక్తం చిక్కబడి, మెదడు మసకబారుడు. ఫోన్‌ల ఫొటో తీసుకున్న. ఆ తరువాత మూడు నెలలు రాత్రిపూట దీని చరిత్రే చదివిన. చదువుతుంటే అర్థమైంది ఏందంటే, ఫోర్‌మన్, నేను చేసిన తప్పు కొత్తది కాదు. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా వందేండ్లు ఈ మనిషిని గుర్తుపట్టలేకపోయారు.

తియ్యటి మూత్రం సంగతి అందరికన్నా ముందు మనోళ్లకే తెలుసు. సుశ్రుతుడి కాలం నుంచే మధుమేహం అన్న పేరుంది, చీమలు పట్టడం కూడా మన వైద్యులు గమనించారు. ఇంగ్లండ్‌లో థామస్ విల్లిస్ 1674లో మూత్రం తేనెలాగ తియ్యగుంటుందని రాశాడు. 1776లో లివర్‌పూల్ డాక్టర్ మాథ్యూ డాబ్సన్ ఆ మూత్రాన్ని మరిగించి ఆవిరి చేసి, అడుగున మిగిలింది చక్కెరేనని చూపించాడు. రక్తం కూడా తియ్యగుందని అన్నాడు. అంటే జబ్బు మూత్రసంచిలో లేదు, ఒళ్లంతా ఉందని. కానీ ఆ చక్కెర మనిషి తెలివి మీదికి ఎట్ల వస్తదన్నది తేలడానికి ఇంకో వందేండ్లు పట్టింది.

1857లో ప్రాగ్ నగరంలో విల్హెల్మ్ పెటర్స్ అనే డాక్టర్, స్పృహ తప్పిన షుగర్ రోగి మూత్రంలో అసిటోన్ ఉందని కనిపెట్టాడు. నెయిల్ పాలిష్ తుడిచే మందు వాసన ఉంటది చూడుండ్రి, అదే అసిటోన్. 1874లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో అడాల్ఫ్ కుస్‌మౌల్ అసలు ముచ్చట పట్టుకున్నాడు. చావుకు దగ్గరైన షుగర్ రోగులు పెద్ద పెద్దగా, లోతుగా ఊపిరి తీస్తున్నారు. పరుగెత్తి వచ్చినోళ్ల లెక్క. ఊపిరితిత్తుల్లో అడ్డం ఏం లేదు, గాలి మంచిగ పోతుంది, వస్తుంది. లేచి కూచోడానికి శక్తి లేని మనిషి ఊపిరి మాత్రం అంత బలంగా ఎట్ల తీస్తున్నడు? కుస్‌మౌల్‌ను కట్టిపడేసింది ఈ తేడానే. ఆ తరువాత కోమా వస్తది, చనిపోతరు.

కారణం తరువాతి పదేండ్లలో జర్మనీ డాక్టర్లే తేల్చారు. ఇన్సులిన్ అసలే లేకుంటే ఒళ్లు చక్కెరను వాడుకోలేదు, కొవ్వును కాలుస్తది. కాలిన కొవ్వు నుంచి ఆమ్లాలు వస్తయి. రక్తం పులుస్తది. ఆ పులుపును తగ్గించడానికి ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి ఊదుతయి. ఆ పెద్ద ఊపిరి అందుకే. ఇప్పటికీ డాక్టర్లు దాన్ని కుస్‌మౌల్ ఊపిరి అనే పిలుస్తారు.

కుస్‌మౌల్ చెప్పింది ఎంత స్పష్టంగా ఉందంటే, అదే బోర్డు అయిపోయింది. పెద్ద ఊపిరి, పండు మురిగిన వాసన ఉంటే షుగర్ కోమా. ఆ రెండూ లేకుంటే షుగర్ కాదు. నా లెక్కల తప్పు ఇక్కడే మొదలైంది. సైట్ మీద కూడా గంతే కదా. ఒక ప్రమాదానికి బోర్డు పెట్టినంక, బోర్డు లేని కాడ ప్రమాదం లేదనుకుంటం.

బోర్డు లేని కాడ కూడా ప్రమాదం ఉందని చెప్పినోళ్లు లేకపోలేదు. జర్మనీలో ఫ్రెరిక్స్ చెప్పాడు. 1886లో జూలియస్ డ్రెష్‌ఫెల్డ్ చెప్పాడు. ఈ డ్రెష్‌ఫెల్డ్ జర్మనీలో పుట్టి ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో స్థిరపడిన డాక్టర్, మనలాగ ఊరు వదిలినోడే. ఆ ఏడు బ్రాడ్‌షా ఉపన్యాసంలో ఆయన షుగర్ కోమా మీదనే మాట్లాడాడు. కోమా ఒక్క తీరుగ రాదన్నాడు. కుస్‌మౌల్ చెప్పిన తీరు ఒకటి. ఇంకోటి వయసు మీద పడ్డోళ్లలో, మంచిగ తిని బలంగానే కనిపించేటోళ్లలో వస్తది. వీళ్లలో ఆ పెద్ద ఊపిరి ఉండదు. నీరసపడి, మత్తుగ అయి, కూలిపోతరు. మా కార్పెంటర్‌ను చూసి రాసినట్టే ఉంది.

ఈ మాట దాదాపు డెబ్బై ఏండ్లు మూలకు పడింది. మధ్యలో వచ్చిన ఒక గొప్ప సంగతి మీదనే అందరి చూపు పోయింది. అదే ఇన్సులిన్.

కెనడాలోని టొరంటోలో 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేండ్ల అబ్బాయికి మొదటి ఇన్సులిన్ సూది వేశారు. పిల్లగాడు అప్పుడు 29 కిలోలే ఉన్నాడు. బాంటింగ్, బెస్ట్ తయారు చేసిన ఆ మందు శుద్ధంగ లేదు. షుగర్ కొంచెమే తగ్గింది, సూది వేసిన కాడ చీము పట్టింది. కోలిప్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ వేస్తే ఒక్క రోజులో 520 ఉన్న షుగర్ 120కి దిగింది. లియొనార్డ్ ఇంకో పదమూడేండ్లు బతికాడు. కోమాలో ఉన్న వార్డంతా పిల్లలకు వరుసగా సూదులు వేసుకుంట పోతే, చివరి మంచానికి పోయేసరికి మొదటి మంచం పిల్ల లేచి కూచుందని వాట్సాప్‌ల ఒక కథ తిరుగుతది. అంత సినిమా అవసరం లేదు. ఈ ఒక్క అబ్బాయి కథ చాలు.

అందరూ ఇక కోమా గెలిచినమనుకున్నారు. కానీ ఒక ఇరకాటం మిగిలింది. షుగర్ దిగుతుంది, పులుపు తగ్గుతుంది, కాయితం మీద అన్నీ మంచిగైతున్నయి. అప్పుడే కొందరు మళ్లీ మత్తులోకి పోయి చనిపోతున్నారు. ఎక్కువగా పిల్లలు, వయసు పోరలు. 1936లో డిల్లాన్, రిగ్స్, డయ్యర్ అనే డాక్టర్లు ఇట్ల చనిపోయినోళ్ల మెదళ్లను కోసి చూసి, లోపల జరిగిన నష్టాన్ని వివరంగా రాశారు. 1967లో యంగ్, బ్రాడ్లీ అనే ఇద్దరు, మెదడు వాచి మళ్లీ లేవకుండ పోయిన రోగుల సంగతి రాస్తే అప్పుడు గట్టిగా చర్చ మొదలైంది.

మెదడు ఎందుకు వాస్తది? మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి నీళ్లు ఊరి ముక్కలు ముడుచుకుపోతయి. ఉప్పు నీళ్లను బయటికి గుంజింది. రక్తంలో చక్కెర మరీ ఎక్కువైనా అదే జరుగుతది, మెదడు కణాల్లోంచి నీళ్లు బయటికి వస్తయి. అయితే మెదడు ముక్కలాగ ఊరికే పడి ఉండదు. నీళ్లు పోకుండ తన లోపల కూడా కొన్ని పదార్థాలను కూడబెట్టుకుంటది. ఇప్పుడు బయట చక్కెరను ఒక్కసారిగా దించితే, లోపల కూడబెట్టింది నీళ్లను లోపలికి గుంజుతది. కణాలు ఉబ్బుతయి. పుర్రె గట్టి డబ్బా, ఉబ్బినా జాగ లేదు. డాక్టర్లు శానకాలం నమ్మింది ఇదే, అందుకే పిల్లలకు సెలైన్ మెల్లగ ఎక్కించాలె అన్నారు.

అది సగం నిజమే. అమెరికాలో 13 ఆస్పత్రులు కలిసి, పిల్లల్లో 1,389 సార్లు వచ్చిన ఈ జబ్బు మీద సెలైన్ వేగంగా, మెల్లగా ఎక్కించి పోల్చి చూశాయి. 2018లో ఫలితం వచ్చింది. వేగం వల్ల మెదడు దెబ్బలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మెదడుకు రక్తం సరిగ్గ అందక, చికిత్సకు ముందే దెబ్బ మొదలైతదేమో అన్న వాదనకు దీంతో బలం వచ్చింది. అంటే తెచ్చుడు ఆలస్యం కావొద్దన్నదే పెద్ద మాట.

ఇక మా కార్పెంటర్ లాంటోళ్ల సంగతి. 1957లో రెండు చోట్ల ఒకేసారి బయటపడింది. దక్షిణాఫ్రికాలో సామెంట్, ష్వార్ట్జ్ అనే డాక్టర్లు ఆ దేశపు వైద్య పత్రికలో, పుల్లటి రక్తం లేకుండనే షుగర్‌తో మత్తులోకి పోయిన రోగి సంగతి రాశారు. అదే ఏడు నెదర్లాండ్స్ డాక్టర్లు డి గ్రాఫ్, లిప్స్ ఆక్టా మెడికా స్కాండినావికా పత్రికలో అట్లాంటిదే రాశారు. డ్రెష్‌ఫెల్డ్ చెప్పింది మళ్లీ లేచింది. ఈసారి కొలిచే మిషిన్లు ఉన్నయి కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు.

దీని పద్ధతి వేరు. ఈ రోగుల్లో ఇన్సులిన్ కొంచెం ఉంటది. కొవ్వు కాలకుండ ఆపడానికి ఆ కొంచెం సరిపోతది, అందుకే పులుపు లేదు, వాసన లేదు, పెద్ద ఊపిరి లేదు. కానీ చక్కెరను ఆపడానికి సరిపోదు. చక్కెర మూత్రంలో పోతూ తనతోని నీళ్లను కూడా తీసుకపోతది. రోజులు, ఒక్కోసారి వారాలు ఇట్లనే నడుస్తది. ఆస్పత్రికి వచ్చేసరికి పెద్దమనిషి ఒంట్లోంచి సగటున తొమ్మిది లీటర్ల దాకా నీళ్లు పోయి ఉంటయని పుస్తకాల్లో ఉంది. మన ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్‌ల దాదాపు సగం!

ఇది చదివినప్పుడు మా రూమ్ సంగతి యాదికొచ్చింది. రూమ్‌మేట్లు తరువాత చెప్పిండ్రు. వారం రోజుల సంది ఆయన రాత్రికి ఐదారు సార్లు లేస్తున్నడట. పొద్దంత నీళ్లు తాగుతనే ఉన్నడట. ఎవరూ పట్టించుకోలే. ఆగస్టుల దుబాయ్‌ల దాహం ఎవరికి కాదు? అందరం బాటిళ్లు బాటిళ్లు తాగుతం. ఈ జబ్బు మొదటి గుర్తు దాహం, గల్ఫ్ ఎండ ఆ గుర్తును మింగేస్తది. పైగా నీళ్లతోని దాహం తీరక ఆయన చల్లటి పెప్సీ, మిరిండా మొదలుపెట్టిండు. అంటే మంట మీద డీజిల్. ఊరి నుంచి తెచ్చుకున్న గోళీలు నెల కిందనే ఒడిసినయి. ఇంటికి పోయేటోళ్లు ఎవరన్న ఉంటే తెప్పించుకుందాం అని ఆగిండు. ఇక్కడ కొనుక్కుంటే పైసలు అని.

ఈ జబ్బు మెదడు మీద ఎన్ని వేషాలు వేస్తదో చదివితే భయమైతది. కొందరికి మాట తడబడుతది. కొందరికి ఒక దిక్కు చెయ్యి, కాలు పడిపోతయి, చూసినోళ్లు పక్షవాతం అనుకుంటరు. కొందరికి ఫిట్స్ వస్తయి. ఇంకో వింత ఉంది. షుగర్ మరీ పెరిగినోళ్లలో కొందరికి ఒక దిక్కు చెయ్యి తనంత తానే ఆడుతది, విసురుతది, ఆపుదామన్నా ఆగదు. 1960లో బెడ్‌వెల్ అనే డాక్టర్ దీన్ని షుగర్‌తో ముడిపెట్టి రాశాడు. ఇది మన ఆసియా వాళ్లలోనే ఎక్కువగా, అందులోనూ పెద్ద వయసు ఆడవాళ్లలో, కనపడిందట. ఊర్ల ఇట్లాంటివి చూసి గాలి సోకిందన్నోళ్లను నేను చిన్నప్పుడు చూసిన. అందులో ఎన్ని షుగర్ కేసులో ఇప్పుడెవరు చెప్తరు? మంచి సంగతి ఏందంటే, షుగర్ దిగితే వీటిలో చాలా మట్టుకు తగ్గుతయి.

చికిత్స కూడా మొదట మోటుగనే ఉండేది. వందల యూనిట్ల ఇన్సులిన్ పొడిచేటోళ్లు. 1973లో ఆల్బర్టీ, ఆయన సహచరులు చిన్న చిన్న మోతాదులు గంట గంటకు ఇచ్చినా సరిపోతదని లాన్సెట్‌లో చూపించారు. ఇరాన్‌లో పుట్టి అమెరికాలోని మెంఫిస్‌లో పనిచేసిన అబ్బాస్ కితాబ్చీ 1976లో రెండు పద్ధతులను పోల్చి అదే తేల్చాడు. ముందు నీళ్లు, పొటాషియం చూసుకుంట ఇన్సులిన్, మెల్లగ దించుడు. మా కార్పెంటర్‌కు కూడా అట్లనే చేసిండ్రు. మూడో రోజుకు 200 దగ్గరికొచ్చింది. నాలుగో రోజు నన్ను గుర్తుపట్టిండు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం, ఆ మీటర్ కథ. మనం పదో తరగతి ల్యాబ్‌ల చూసిన బెనెడిక్ట్ ద్రావణం యాదికుందా? నీలం రంగుది, చక్కెర ఉన్నదాంట్ల వేసి వేడి చేస్తే ఇటుక ఎరుపు అయితది. శానేండ్లు మూత్రానికి అదే పరీక్ష. 1941లో వేడి చెయ్యక్కరలేని గోళీ వచ్చింది, క్లినిటెస్ట్. 1960ల నడుమ రక్తం చుక్క వేస్తే రంగు మారే స్ట్రిప్ వచ్చింది. ఆ రంగును కంటితో కాకుండ చదివే మిషిన్‌ను అమెరికాలో ఏమ్స్ కంపెనీ తెచ్చింది.

ఆ రోజుల్లో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజినీరు ఉండేవాడు. పన్నెండేండ్ల వయసు నుంచి షుగర్. 1969లో ఒక ల్యాబ్ సామాన్ల పత్రికలో ఈ మీటర్ ప్రకటన చూశాడు. దాని బరువు కిలోకు పైన, ధర 650 డాలర్లు. అది ఎవరి కోసం చేసిందో తెలుసా? ఇండ్లల్ల రోగుల కోసం కాదు. రాత్రిపూట ల్యాబు మూసినంక ఆస్పత్రి ఎమర్జెన్సీకి స్పృహ లేని మనిషి వస్తే, వాడు తాగి పడ్డడా, షుగర్‌తో పడ్డడా అన్నది తేల్చడానికి! అప్పటిదాకా అక్కడ కూడా మా ఫోర్‌మన్ లెక్కనే నడిచిందన్నమాట.

మీటర్‌ను డాక్టర్లకు, ఆస్పత్రులకే అమ్ముతారు. ఈయన ఇంజినీరు, ఇయ్యరు. భార్య డాక్టర్ కాబట్టి ఆమె పేరు మీద తెప్పించుకున్నాడు. రోజుకు చాలాసార్లు వేలు పొడుచుకొని, ఏం తింటే ఎంత పెరుగుతుందో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత దిగుతుందో రాసుకున్నాడు. రోగి ఇంట్లనే చూసుకోవచ్చని ఈయన చెప్తే డాక్టర్లు వినలే. పత్రికలు వేసుకోలే. ఆఖరికి నలభై అయిదేండ్ల వయసుల మెడికల్ కాలేజీల చేరి తనే డాక్టర్ అయ్యాడు. నాకు ఇప్పుడు నలభై అయిదే. చదువుడు బంద్ చేసి కాసేపు ఊరికే కూచున్న.

అంటే ఆ రోజు మా సైట్ మీద ఏ పొరపాటు జరిగిందో, ఆ పొరపాటు కోసమనే చేసిన మిషిన్ అది, యాభై ఏండ్ల కింద. ఇప్పుడు అరచేతిలో పట్టేంత ఉంది. మా ఫస్ట్ ఎయిడ్ డబ్బాల కట్లు, అయోడిన్, కండ్లు కడిగే సీసా ఉన్నయి, మీటర్ లేదు. ఇప్పుడు పెట్టించిన. స్ట్రిప్పుల డబ్బా ఎండల ఉంటే పాడైతది కాబట్టి ఏసీ రూమ్‌ల పెడుతున్నం. తేదీ చూసి మారుస్తున్నం.

ఒక జాగ్రత్త మాత్రం. తాగినట్టు చేసే షుగర్ రెండు రకాలు. ఎక్కువైనా అట్లనే అయితరు, తక్కువైనా అట్లనే అయితరు. తక్కువైనప్పుడు చెమటలు పడుతయి, వణుకుతరు, నిమిషాల్ల పడిపోతరు. మీటర్ ఉంటే చూసి తేల్చాలె. మీటర్ లేదు, షుగర్ మనిషి అని తెలుసు, స్పృహల ఉన్నడు, మింగగలుగుతడు అంటే చక్కెర నీళ్లు ఇయ్యమనే చెప్తరు. ఎందుకంటే తక్కువ షుగర్ తొందరగ చంపుతది, ఎక్కువున్నోనికి ఒక గ్లాసుతోని పెద్ద తేడా రాదు. స్పృహ లేనోని నోట్ల మాత్రం నీళ్లు కూడా పొయ్యొద్దు, ఊపిరిలకు పోతది. పక్కకు తిప్పి పండబెట్టి అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలె. యూఏఈల అయితే 998.

మా కార్పెంటర్ తొమ్మిదో రోజు డిశ్చార్జ్ అయిండు. రెండు నెలలు ఎత్తు మీదికి పంపకుండ స్టోర్‌ల పెట్టినం, ఇప్పుడు మళ్లీ షట్టరింగ్ చేస్తున్నడు. గోళీలు ఇక్కడే కొంటున్నడు. ఆ పొద్దు జరిగింది ఆయనకు ఏం యాదికి లేదు. నాట్ల సంగతి అడిగినట్టు చెప్తే నమ్మలే. వార్నింగ్ లెటర్ టైపు అయి సంతకం కోసం నా టేబుల్ మీద పడి ఉండె, ఆ సంగతి మాత్రం ఇంతవరకు ఆయనకు చెప్పలేదు. ఈ ముచ్చట చదువుతడు, తెలుస్తది.